ఒక తేదీ, రెండు ఋణాలు

సంగీతం మీద మక్కువ ఉన్నవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. సంవత్సరంలో ఏ తారీఖు తీసుకున్నా, ఆనాడు పుట్టిన గాయకుడెవరు, పోయినవాడెవరు, ఏ పాట రికార్డయింది అని జాబితాలు వేసుకుంటారు. పశ్చిమ దేశాల పత్రికలూ రేడియోలూ ఈ పని చాలా శ్రద్ధగా చేస్తూ వచ్చాయి. మన దినపత్రికలు కూడా 'చరిత్రలో ఈ రోజు' అని ఒక మూల నాలుగు పంక్తులు వేస్తాయి. వాటిని చదివి, "అలాగా!" అనుకుని, పేజీ తిప్పేస్తాం.

డిసెంబరు 15నే తీసుకుందాం. 1943లో ఆ రోజున అమెరికా నల్లజాతి పియానో విద్వాంసుడు ఫ్యాట్స్ వాలర్ రైలు ప్రయాణంలోనే కన్నుమూశాడు. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 1944 డిసెంబరు 15న, ఇంకో ప్రసిద్ధుడు, గ్లెన్ మిల్లర్ అనే వాద్యబృంద నాయకుడు, ఇంగ్లండు నుంచి పారిస్‌కు చిన్న సైనిక విమానంలో బయలుదేరాడు. చేరలేదు. మనిషీ దొరకలేదు, విమానమూ దొరకలేదు. 2024లో అదే తారీఖున తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో పోయారు. ఆ కబురు ఖాయంగా మనకు చేరేసరికి ఇక్కడ 16వ తేదీ తెల్లవారింది.

తెలుగువాళ్ళ జాబితాలో ఇదే తారీఖుకు మరో రెండు సంగతులున్నాయి. 1966 డిసెంబరు 15న మదరాసులో ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం తమ మొదటి సినిమా పాట పాడారు. అంతకు పద్నాలుగేళ్ళ ముందు, 1952 డిసెంబరు 15 రాత్రి, అదే మదరాసులో పొట్టి శ్రీరాములు 58 రోజుల నిరాహారదీక్ష తరువాత ప్రాణం విడిచారు.

ఈ రెండు సంగతులు పక్కపక్కన కనిపిస్తే తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతపు తెలుగువాడు ఊరికే పేజీ తిప్పలేడు. మొదటిది పాట, ఆ పాట పాడిన మనిషి పుట్టింది ఈ నేల మీదే. రెండవది ప్రాణత్యాగం, దాని నుంచి ఆంధ్రరాష్ట్రం వచ్చింది, రాష్ట్రం నుంచి సరిహద్దు వివాదం వచ్చింది, ఆ వివాదం తీరేసరికి మనం గీతకు ఇవతల మిగిలాం. కనుక ఒక ప్రశ్న వేసుకోక తప్పదు. ఒక తారీఖున జరిగినంత మాత్రాన రెండు సంఘటనల మధ్య సంబంధం ఏర్పడుతుందా? ఏర్పడితే, ఏటేటా ఆ రోజు వచ్చినప్పుడు మనం ఎవరికి ఏం బాకీ?

*

తర్కం తెలిసినవారు మొదటి ప్రశ్నను ఒక్క మాటతో తోసిపుచ్చుతారు. సంవత్సరానికి రోజులు 365. పుట్టేవాళ్ళు, పోయేవాళ్ళు, పాడేవాళ్ళు లక్షలు. ఏ రోజు మీదనైనా పదిమంది గొప్పవాళ్ళు వచ్చి పడక తప్పదు. ఇందులో దైవసంకల్పం వెతకడం జాతకాల పిచ్చి. ఆ మాటను కాదనడానికి నాకు ఆధారమేమీ కనబడదు.

పైగా మనం పట్టుకుని వేలాడే తారీఖులు చాలాసార్లు అంత గట్టివి కూడా కావు. తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ జన్మదినం 1888 సెప్టెంబరు 5 అని లెక్క. 1962 నుంచి దేశమంతా దాన్ని ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నది. ఆయన కుమారుడు గోపాల్ రాసిన జీవితచరిత్ర చూస్తే అసలు రోజు 1887 సెప్టెంబరు 20 కావచ్చునన్న అభిప్రాయం కనిపిస్తుంది. ఇళయరాజా పుట్టింది జూన్ 3న అంటారు. ఆ రోజు కరుణానిధి పుట్టినరోజు కాబట్టి, దాన్ని ఆయనకే వదిలిపెట్టి తాను జూన్ 2న జరుపుకుంటారు. పుట్టినరోజునే ఒకరి గౌరవం కోసం ఒకరోజు ముందుకు జరుపుకోగలిగినప్పుడు, తారీఖు అనేది ప్రకృతి ఇచ్చింది కాదని, మనుషులు తమ మర్యాదల కోసం ఏర్పరచుకున్నదని ఒప్పుకోవాలి.

మన పూర్వులకు ఈ సంగతి తెలుసు. త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందిన రోజును మనం పుష్య బహుళ పంచమి అని తిథితో గుర్తుపెట్టుకున్నాం. ఇంగ్లీషు క్యాలెండరులో అది ఏటా జరిగిపోతూ ఉంటుంది. ఒక ఏడు పొంగలికి ముందు, మరో ఏడు పొంగలి తరువాత. జరిగిపోయినందువల్ల తిరువయ్యారులో ఎవరికీ లోటు లేదు. ఎందుకంటే అక్కడ ఆ రోజు జరిగే ముఖ్యమైన పని ఆయన్ని గురించి చెప్పుకోవడం కాదు, పంచరత్న కీర్తనలను అందరూ కలిసి పాడడం. తమిళదేశం నడిబొడ్డున, ఇంట్లో తెలుగు మాట్లాడని వందలమంది, నోటికి నేర్చుకున్న తెలుగు మాటలు ఒక్క గొంతుతో పాడతారు. స్మరణ అంటే అక్కడ ఒక పని.

ఇంకో ఉదాహరణ ఇంటిపక్కనే ఉంది. తిరుత్తణి కొండకు 365 మెట్లు. ఏడాదిలో రోజుకొక మెట్టు అంటారు. డిసెంబరు 31 రాత్రి భక్తులు మెట్టుమెట్టుకూ కర్పూరం వెలిగించి, తిరుప్పుగళ్ పాడుకుంటూ కొండ ఎక్కుతారు. ఇంగ్లీషు దొరల కాలంలో కొత్త సంవత్సరం నాడు జనం పళ్ళూ పూలూ పట్టుకుని దొరల బంగళాల ముందు నిలబడుతుంటే, దానికి మారుగా వళ్ళిమలై స్వామి ఈ మెట్లపండుగ మొదలుపెట్టారని చెబుతారు. నూరేళ్ళు దాటిన ఈ ఆచారంలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఏ మెట్టునూ వదలరు, ఏ మెట్టు మీదా ఆగిపోరు. 'ఈ మెట్టు మాది' అని కూర్చుంటే వెనక వచ్చేవాళ్ళు ఎక్కలేరు.

కాబట్టి మొదటి ప్రశ్నకు నా సమాధానం ఇది. తారీఖు గోడకు కొట్టిన చిలక్కొయ్య వంటిది. బట్ట నేసింది చిలక్కొయ్య కాదు, కాని అది లేకపోతే బట్ట నేల మీద పడి దుమ్ము కొట్టుకుపోతుంది. డిసెంబరు 15 అనే కొయ్యకు శ్రీరాములు గారి మరణం, బాలసుబ్రహ్మణ్యం గారి మొదటి పాట రెండూ తగిలించి ఉన్నాయి. వాటిని కలిపింది విధి కాకపోవచ్చు. చూసిన తరువాత వాటి మధ్య సంబంధం ఏమిటని ఆలోచించడం మన వంతు.

*

ఆలోచించాలంటే ముందు ఈ నేల కథ కొంచెం చెప్పుకోవాలి.

బాలసుబ్రహ్మణ్యం 1946 జూన్ 4న పళ్ళిపట్టు ప్రాంతంలోని కోనేటమ్మపేటలో పుట్టారు. తండ్రి సాంబమూర్తి హరికథకులు. కుటుంబం నెల్లూరులో స్థిరపడింది కనుక కొన్ని పుస్తకాలు పుట్టిన ఊరు నెల్లూరనే రాసేస్తాయి. ఆయన పుట్టేనాటికి ఆ ప్రాంతం ఉమ్మడి మద్రాసు రాష్ట్రపు చిత్తూరు జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రంలోకి వెళ్ళింది. 1956లో ఆంధ్రప్రదేశ్ అయింది. తమిళుల పక్షాన మ.పొ.శివజ్ఞానం నడిపిన ఎల్లల పోరాటం, పటాస్కర్ మధ్యవర్తిత్వం, పార్లమెంటు చట్టం, ఇవన్నీ అయ్యాక 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా, దానితోపాటు పళ్ళిపట్టు ప్రాంతంలో ఎక్కువ భాగం మద్రాసు రాష్ట్రంలో చేరాయి. 1969లో రాష్ట్రం పేరు తమిళనాడుగా మారింది. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడింది. ఊరు ఉన్నచోటే ఉంది. దాని చిరునామా మాత్రం యాభై ఏళ్ళలో ఐదుసార్లు మారింది.

పటాస్కర్ సూత్రంలో గ్రామం ఒక కొలమానం. ఏ గ్రామంలో ఏ భాష మాట్లాడేవారు ఎక్కువో చూడాలి, సరిహద్దుకు ఆనుకుని ఉన్నదా లేదా చూడాలి. పాలన కోసం గీత గీయవలసి వచ్చినప్పుడు ఇంతకంటే న్యాయమైన పద్ధతి చెప్పడం కష్టమే. అయితే ఇంట్లో తెలుగు, అంగట్లో అరవం, గుడిలో రెండూ మాట్లాడే మనిషిని ఆ లెక్క ఏదో ఒక గడిలో వేయక తప్పదు. మన ప్రాంతంలో అటువంటి మనుషులే ఎక్కువ.

ఇక్కడే కొందరు ఒక మాట అంటుంటారు. శ్రీరాములు గారు ప్రాణం ఇచ్చి రాష్ట్రం తెచ్చారు సరే, మనకేం మిగిలింది? ఉమ్మడి రాష్ట్రంలోనే ఉండి ఉంటే మనం మైనారిటీ అయ్యేవాళ్ళం కాదు గదా? ఈ మాటలో బాధ ఉంది, కాని న్యాయం లేదు. శ్రీరాములు గారు మదరాసులోనే పుట్టారు, మదరాసులోనే పోయారు. ఆయన అడిగిన రాష్ట్రంలో మదరాసు కూడా ఉంది. ఆయన పోయిన నాలుగు రోజులకు, డిసెంబరు 19న, మదరాసు లేకుండా రాష్ట్రం ఇస్తామని నెహ్రూ ప్రకటించారు. ఆ తరువాత పంపకాలు చేసినవాళ్ళు వేరు. ఒక మనిషి చేసిన త్యాగాన్ని, దాని ఫలం మన ఇంటిదాకా రాలేదన్న కారణంతో తూకం వేయడం ఋణధర్మం కాదు. ఆయన నిలబెట్టిన నియమం ఒకటుంది: మనిషికి తన భాషలో బతికే హక్కు ఉంది. ఆ నియమం గీతకు అవతల పెద్దసంఖ్యలో ఉన్నవారికి ఎంత వర్తిస్తుందో, ఇవతల కొద్దిమందిగా ఉన్న మనకూ అంతే వర్తిస్తుంది. ఆ లెక్కన మనం ఆయనకు బాకీ పడ్డవాళ్ళమే.

*

రెండవ ఆక్షేపణ ఇంకా గట్టిది. ఆకలితో కణంకణం కరిగిపోయి చనిపోయిన మనిషి పక్కన ఒక సినిమా పాటను పెట్టడం తగునా? ఇది బరువులు తెలియకపోవడం కాదా?

బరువులు వేరన్నది నిజం. కాని ఆ మరణానికీ పాటకూ బొత్తిగా పొత్తు లేదని కూడా అనలేం. శ్రీరాములు గారి అంతిమయాత్రలో ఘంటసాల గొంతెత్తి పాడారని, మొదట పలచగా ఉన్న జనం పాట సాగేకొద్దీ చిక్కబడ్డారని ఆనాటివారు చెప్పుకున్నారు. ప్రసంగాలు కదిలించలేని చోట పాట కదిలించడం మనకు కొత్త కాదు. ఇక్కడ తరిచి చూడవలసింది ఒకటుంది. ఒక భాషకు రాష్ట్రం కావాలని అడగడం ఒక పని. ఆ భాష నోట్లో ఎలా పలకాలో నిలబెట్టడం ఇంకో పని. మొదటి పనికి చట్టం కావాలి, పరిపాలన కావాలి, అవసరమైతే ప్రాణమూ ఇవ్వవలసి వస్తుంది. రెండవ పనికి ప్రతిరోజూ ఎవరో ఒకరు కూర్చుని శ్రద్ధగా పలకాలి. రాష్ట్రం వచ్చిన చోట కూడా రెండవ పని ఆగిపోతే భాష నిలవదు. రాష్ట్రం అందని చోట ఆ రెండవ పని ఒక్కటే దిక్కు.

బాలసుబ్రహ్మణ్యం గారు మన ప్రాంతపు మనిషికి పాఠం కాదగినవారని నేననుకోవడానికి కారణం ఇదే. ఆయన పేరు మోసిన తెలుగు గాయకులు కావడం ఒక్కటే కాదు. ఆయనకు వచ్చిన ఆరు జాతీయ పురస్కారాల్లో మూడు తెలుగు పాటలకు; మిగిలినవి హిందీ, కన్నడం, తమిళం. తొలిరోజుల్లో ఎం.ఎస్.విశ్వనాథన్ ఆయన గొంతు మెచ్చుకుని, తమిళ ఉచ్చారణ బాగుచేసుకుని రమ్మని పంపారు. ఆయన నొచ్చుకోలేదు. నేర్చుకుని వెళ్ళారు. 1969 నుంచి తమిళులు ఆయన్ని తమ ఇంటి గొంతుగానే విన్నారు. ఏ భాష పాటైనా సరే, సాహిత్యాన్ని తన చేత్తో తెలుగు లిపిలో రాసుకుని పాడడం ఆయన అలవాటు. ఈ చిన్న వివరం మీద కొంచెం ఆగాలి. తమిళం నేర్చుకోవడం కోసం ఆయన తెలుగును పక్కకు నెట్టలేదు. తెలుగు అక్షరాన్నే మెట్టుగా వేసుకుని తమిళంలోకి ఎక్కారు. పొరుగు భాషను అంత గౌరవంగా పలకగలగడానికీ, సొంత భాషను అంత శుభ్రంగా పలకగలగడానికీ మూలం ఒకే శ్రద్ధ.

2020 సెప్టెంబరు 25న ఆయన చెన్నైలో పోయారు. మర్నాడు తిరువళ్ళూరు జిల్లాలోనే, తామరైపాక్కంలోని తోటలో, ప్రభుత్వ లాంఛనాలతో సమాధి చేశారు. ఆయన పేరు నెల్లూరులో ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు పెట్టారు. చెన్నై నుంగంబాక్కంలో ఒక వీధికి పెట్టారు. అటువాళ్ళు "మావాడు" అన్నారు, ఇటువాళ్ళు "మావాడు" అన్నారు. ఇద్దరి మాటా నిజమే. మనం కూడా లేచి, "పుట్టింది మా జిల్లా, ఒరిగింది మా జిల్లా, అసలు మావాడు" అనవచ్చు. అనడానికి ఖర్చేమీ లేదు. అక్కడే నాకు అనుమానం. మనకేమీ ఖర్చు కాని చోట ఋణం తీరడం ఎలా?

*

ఋణం ఎలా తీర్చాలో ఆయనే చూపించారు.

1966 డిసెంబరు 15న ఆ పాటను ఆయన ఒక్కరే పాడలేదు. పి.సుశీల, పి.బి.శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్య తోడున్నారు. చిత్రం పద్మనాభం తీసిన 'శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న'; 1967లో విడుదలైంది. సంగీత దర్శకులు ఎస్.పి.కోదండపాణి. ఒక పాటల పోటీలో ఈ కుర్రవాణ్ణి విని, సినిమాలో పాడిస్తానని మాట ఇచ్చి, నిలబెట్టుకున్నది ఆయనే. ఆనాటి రికార్డింగు పద్ధతి ఈనాటిది కాదు. గాయకులు, వయొలిన్లవాళ్ళు, తబలావాళ్ళు అందరూ ఒకేసారి కూర్చుని వాయించి పాడాలి. ఎవరి చెయ్యి తడబడినా పాట మొదటినుంచీ మళ్ళీ. అంటే ఒక కొత్త కుర్రవాడి మొదటి పాట నిలవాలంటే ఆ గదిలో ఉన్న పేరు తెలియని వాళ్ళందరూ తమ వంతు తప్పకుండా చేయాలి. తారీఖుల జాబితాలు చేసే అన్యాయం ఇది. రోజుకొక పేరు రాసి, ఆ రోజును మోసిన మిగతా భుజాలను వదిలేస్తాయి.

బాలసుబ్రహ్మణ్యం గారు ఆ భుజాలను వదలలేదు. 1974లో కోదండపాణి గారు పోయారు. తరువాత తాము మదరాసులో సొంత రికార్డింగు థియేటరు పెట్టుకున్నప్పుడు దానికి గురువు పేరే పెట్టారు. ఏడాదికొకసారి దండ వేసే పటం కాదది; రోజూ పని జరిగే చోటు. అక్కడికి వచ్చి పాడే ప్రతివాడూ, తెలిసో తెలియకో, ఆ పేరు పలకవలసిందే. 1996లో ఈటీవీలో మొదలైన 'పాడుతా తీయగా'లో పిల్లలు పాడబోయే పాటకు రచయిత ఎవరు, స్వరకర్త ఎవరు అని పేరుపేరునా చెప్పించేవారు. 'శ'కు 'స' పలికితే ఆపి దిద్దేవారు. చూసేవాళ్ళలో కొందరికి అది చాదస్తంగా తోచి ఉండవచ్చు. తాను పొందినదాన్ని పొందిన చోటికి తిరిగి ఇవ్వలేనప్పుడు, వెనక వచ్చేవాళ్ళకు ఇవ్వడమే మిగిలిన మార్గం. మన పెద్దలు ఋషిఋణం అన్నది ఇదే. అది చదివి, చదివించి తీర్చవలసిన బాకీ.

*

ఇక మన సంగతి. మన ప్రాంతంలో ఈనాటి తెలుగు పిల్లవాడికి బాలసుబ్రహ్మణ్యం గారి తెలుగు పాటలు పది వస్తాయి. వేదిక ఎక్కి పాడమంటే జేబులోంచి కాగితం తీస్తాడు. అందులో పాట తమిళ అక్షరాల్లోనో ఇంగ్లీషు అక్షరాల్లోనో ఉంటుంది. 'ధ'కు 'త'కు తేడా తమిళ లిపి చూపదు కాబట్టి, పలికేటప్పుడూ ఆ తేడా ఉండదు. పిల్లవాణ్ణి తప్పుపట్టకూడదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఆ ఏడాది ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక తరగతి చొప్పున పైకి వెళ్ళి, 2016 నాటికి పదో తరగతికి చేరింది. చాలా ఇళ్ళలో తల్లిదండ్రులు, రెండు భాషల బరువెందుకని, తెలుగు బడి మాటే ఎత్తడం మానేశారు. తమిళం నేర్చుకోవడం మనకు నష్టం కాదు. ఈ నేల మీద బతికేవాడు ఈ నేల భాష బాగా నేర్చుకోవాలి. తెలుగు అక్షరం పోవడం మాత్రం నష్టం. ఆయన తమిళ పాటను తెలుగు లిపిలో రాసుకున్నారు. మన పిల్లలు తెలుగు పాటను తమిళ లిపిలో రాసుకుంటున్నారు. చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఆయనకు రాసుకోవడానికి తనదైన లిపి ఒకటి ఉంది. పిల్లవాడికి అది అందలేదు.

అందుచేత డిసెంబరు 15 నాడు సభలు పెట్టవద్దని నేననను. పెట్టాలి. శ్రీరాములు గారి పటానికి దండ వేయాలి, బాలసుబ్రహ్మణ్యం గారి పాటలు పాడాలి. వక్తల సంఖ్య తగ్గించి ఒక చిన్న పని కూడా చేయాలి. ఒకే ఒక పాట ఎంచుకుని, దాన్ని రాసిన కవి పేరు, స్వరం కట్టినవారి పేరు పిల్లలకు చెప్పి, ఆ పాటను వాళ్ళ చేతనే తెలుగు అక్షరాల్లో రాయించాలి. రానివాళ్ళకు పల్లవి ఒక్కటే చాలు. అదీ రానివాళ్ళకు తమ పేరు చాలు. వంకరగా వస్తే రానీ. మరుసటి వారం ఇంకో నాలుగు పంక్తులు.

ఆ కాగితం ఇంటికి వెళుతుంది. ఇంట్లో అవ్వకో తాతకో ఇంకా తెలుగు చదవడం వచ్చి ఉంటే, కళ్ళద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి చదివి, ఒత్తు పడని చోట ఒత్తు పెట్టిస్తారు. అప్పటికి తారీఖు 16వ తేదీ అయి ఉంటుంది. ఏ జాబితాలోనూ ఆ రోజు ఉండదు. ఆ రెండు ఋణాల్లో కాస్త తీరేది మాత్రం ఆ రోజునే.